చలి సూది

"మీ కణాలు పట్టుకోలేదండీ," అన్నారు పెద్ద డాక్టరుగారు.

గాజు గది బయట, చేతులు కడుక్కునే తొట్టి పక్కన నిలబెట్టి చెప్పారా మాట. చెబుతూనే మోచేత్తో కుళాయి కట్టేసి, తడి చేతులు పైకెత్తి ఆరబెట్టుకుంటున్నారు. పిల్ల తండ్రి ఆ చేతులవంకే చూస్తూ, "పట్టుకోలేదంటే?" అన్నాడు.

"మీ రక్తంలోంచి తీసి పాపకి ఎక్కించాం కదా, ఆ టి కణాలు. అవి లోపలికి వెళ్ళి వైరస్‌ని గుర్తుపట్టి, ఒకటి పదై, పది వందై పెరగాలి. పెరగలేదు. నిన్నటి పరీక్షలో అసలు కనపడనే లేదు. వైరస్ మాత్రం పెరిగింది."

"అంటే నావి... మంచివి కావన్నమాట."

డాక్టరుగారు కాదనలేదు. ఆయనకి దురుద్దేశమేమీ లేదు. ఆ సమయానికి అంతకంటే మంచి కారణం తట్టలేదు, అంతే. "కొందరివి బలంగా ఉండవు. ఎవరి తప్పూ కాదు," అని మోచేత్తోనే తలుపు నెట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. ఎవరి తప్పూ కాదంటూనే దాన్ని ఒకరి నెత్తిన పెట్టి వెళ్ళిపోవడం పెద్దవాళ్ళకి బాగా వచ్చిన విద్య.

మందుల పళ్ళెం పట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉంది నర్సు. ఆ గాజు గదికి పగలు ఆమే దిక్కు. తండ్రి ఆమెవైపు తిరిగి నవ్వబోయాడు. మాస్కులోంచి నవ్వు కనపడదు, కళ్ళ కింద ముడతలు మాత్రం కదిలాయి. వార్డులో అందరూ ఆయన్ని లిఫ్టాయన అంటారు. మేడల్లో లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఆసుపత్రి లిఫ్టు ఎక్కినప్పుడు కూడా తల పక్కకి వంచి తాళ్ళ చప్పుడు వింటూ ఉంటాడు. కూతురికి మూలుగ ఇచ్చినవాడూ ఆయనే. మూలుగ బాగానే నాటుకుంది. కానీ దానికి దారి చేయడానికి పిల్ల ఒంట్లో సొంత టి కణాలన్నీ తుడిచేశారు. కొత్తవి పుట్టేలోపు, మామూలు వాళ్ళకి ముక్కు చీదితే పోయే జలుబు వైరస్ ఒకటి దూరింది. పేగుల్లో పడింది, కాలేయంలో పడింది. మందులు వేస్తే మూత్రపిండాలు మొరాయించాయి. అందుకే తండ్రి దగ్గర్నుంచి, ఆ వైరస్‌ని ఎప్పుడో చూసి గుర్తుపెట్టుకున్న కణాలని ఏరి తెచ్చి ఎక్కించారు. మిగిలిన ఆశంతా ఆ చిన్న సంచీయే.

వరండా బెంచీ మీద కూర్చుని అంతా విన్నది భార్య.

"పెళ్ళైన దగ్గర్నుంచీ తుమ్ముతూనే ఉన్నారు," అంది. గొంతు పెంచలేదు. "ఇల్లెగిరిపోయేట్టు తుమ్మేవారు. అన్ని తుమ్ములు తుమ్మి ఒక్క జలుబునైనా నేర్చుకోలేదా మీ రక్తం?"

వేరే రోజైతే ఆ మాటకి ముందు నవ్వేది లిఫ్టాయనే. అప్పుడు మాత్రం బెంచీ రెండో చివర కూర్చుని, బూట్లమీద తొడిగిన నీలం సంచులు సరిచేసుకున్నాడు. సరిగ్గానే ఉన్నవాటినే మళ్ళీ సరిచేసుకున్నాడు.

నర్సు గౌను కట్టుకుని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ప్లేట్‌లెట్ల సంచీ వేలాడదీయాలి. వార్డులో ఒక అలవాటుంది. ఏ సంచీ ఎక్కించినా ముందు చలి సూది వేస్తారు. ఎవరి రక్తమో ఒంట్లో పడితే కొందరికి వణుకొస్తుంది, జ్వరమొస్తుంది. ఈ సూది వేస్తే రాదు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కొత్తగా చేరిన వాళ్ళు పాతవాళ్ళని చూసి నేర్చుకుంటారు. ఆమె బుడ్డి మూత తుడిచి, మందు లాగి, గాలి బుడగ పోయేదాకా సిరంజిని గోటితో తట్టి, పిల్ల మెడ దగ్గరి గొట్టంలోకి నెమ్మదిగా పోసింది.

"సిస్టరక్కా," అంది పిల్ల. నోరంతా పుండ్లు, మాట ముద్దముద్దగా వస్తోంది. "నాన్న ఏంటి అలా ఉన్నాడు? లిఫ్టులో తనే ఇరుక్కుపోయినట్టు."

"డాక్టరుగారితో మాట్లాడి వచ్చారు. ఆయనతో మాట్లాడితే ఎవరైనా అలాగే ఉంటారు."

పిల్ల నవ్వబోయి, నోరు నొప్పెట్టి ఆపేసింది. ఇంట్లో దాన్ని కాకిపిల్ల అంటారట, నోరు మూయదని. పద్దెనిమిదేళ్ళ పిల్ల పద్నాలుగేళ్ళ దానిలా ఉంది. గాజు అవతలినుంచి తండ్రి చెయ్యి ఊపితే రెండు వేళ్ళెత్తి ఊపింది.

మధ్యాహ్నం నర్సు ఖాళీ మంచుపెట్టె ఇచ్చిరావడానికి కింది అంతస్తులో ల్యాబ్‌కి వెళ్ళింది. ఆ కణాల్ని ఏరిన ల్యాబ్ ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉంది. ఎదురుగా టీ చల్లారిపోయి మీద మీగడ కట్టింది.

"నాకర్థం కావట్లేదే," అంది ఆవిడ. "నా చేతుల్తో చేశాను. ఆయన రక్తకణాలకి వైరస్ ముక్కలు చూపించి వదిలేశాను. ఎరగనివి మొద్దుల్లా పడున్నాయి. ఎరిగినవి మాత్రం ఉలిక్కిపడ్డాయి. వాటికి ఇనప నలుసులు అంటించి, అయస్కాంతంతో పట్టుకుని, మిగతావన్నీ కడిగేశాను. ఎంత చురుగ్గా ఉన్నాయనుకున్నావ్! ఇన్నాళ్ళ సర్వీసులో అంత మంచివి చూళ్ళేదు. అవి బలంగా లేవంటారేంటి?"

నర్సు మంచుపెట్టె మూత తీసి మళ్ళీ వేసింది.

"స్టెరాయిడ్ ఏమీ పడలేదు కదా?" అని అడిగింది ల్యాబ్ ఆవిడ. "అది తగిలితే చచ్చి ఊరుకుంటాయివి."

"లేదే. డాక్టరుగారు ముందే ఆపమన్నారు. మాత్రలన్నీ ఆపేశాం."

"సంచులు ఎక్కిస్తున్నారా?"

"రోజూ ఎక్కిస్తున్నాం."

"వాటికి ముందు ఏమిస్తారు?"

నర్సు నోరు తెరిచింది. చలి సూది అనబోయింది. పొద్దున బుడ్డి చేతిలో పట్టుకున్నప్పుడు దానిమీద అచ్చేసిన అసలు పేరు కళ్ళముందు కనపడింది. ఆ పేరు ఆమెకి తెలియనిది కాదు. కాలేజీలో చదివింది, పరీక్షలో రాసింది. అది స్టెరాయిడే. వార్డులో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఇంట్లో ఉప్పుడబ్బా మీద ఏముందో ఎవరు చదువుతారు?

"అలర్జీ మందు," అంది. అదీ ఇస్తారు, నిజమే. నిజంలో సగం చెప్పి ఊరుకోవడం ఇంత తేలికని ఆమెకి అంతకుముందు తెలియదు.

"అయితే నా చేతిలోనే ఏదో పొరపాటు జరిగుంటుంది," అంది ల్యాబ్ ఆవిడ. టీ తీసుకెళ్ళి తొట్టిలో పారబోసింది.

మర్నాడు మళ్ళీ ప్లేట్‌లెట్ల సంచీ వచ్చింది. నర్సు చలి సూది వేయలేదు. చుక్కలు మొదలైన కాసేపటికే పిల్ల పళ్ళు టకటకా కొట్టుకోసాగాయి. మంచం కదిలిపోతోంది. నర్సు సంచీ ఆపి, దుప్పటి మీద దుప్పటి కప్పి, పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని రుద్దింది. "అక్కా, చలి, అక్కా," అంటూ పిల్ల ఆమె గౌను పట్టుకుంది. గాజు అవతల తల్లి రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడిపోయింది.

పెద్ద సిస్టర్ వచ్చి చూసి మండిపడింది. "చలి సూది వేయలేదా? మతి ఉందా నీకు?"

బట్టల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి, నర్సు అంతా చెప్పింది. చెబుతుంటే చేతులు వాటంతటవే ఉతికిన గౌన్లు మడతపెడుతున్నాయి. పెద్ద సిస్టర్ విన్నంతసేపూ రెప్ప వేయలేదు. తర్వాత మెల్లిగా అరల తలుపుకి ఆనుకుంది.

"నువ్వొక్కదానివే వేశావా? రాత్రివాళ్ళు వేశారు, సెలవుల్లో వచ్చినవాళ్ళు వేశారు. నేనూ వేశాను. నువ్వు వెళ్ళి చెబితే పోయేది నీ ఉద్యోగమే."

"మళ్ళీ ఆయన దగ్గర తీయొచ్చు కదండీ."

"తీయరు. ఆయన కణాలే పనికిరానివని తేల్చేశారుగా."

"అందుకే కదా చెప్పాలనేది."

పెద్ద సిస్టర్ ఆమె మడిచిన గౌనే మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. "ఇంటికెళ్ళి ఆలోచించుకో. నీకూ పిల్లలున్నారు," అంది. అందులో బెదిరింపు లేదు. భయం ఉంది. ఆ భయం నర్సుకీ అంటుకుంది. ఆ రోజు ఆమె చెప్పలేదు. ఇంటికెళ్ళి కూర చేసింది, పిల్లల లెక్కలు చూసింది, రెండింటిలోనూ ఉప్పు తక్కువైందని అందరూ నవ్వితే తనూ నవ్వింది. అలా ఒక పూట పోయింది. ఆ పూట పోవడం ఎంత పెద్ద సంగతో ఆమెకి తెలుసు. తెలిసే పోనిచ్చింది.

పొద్దున్నే వరండాలో లిఫ్టాయన ఎదురొచ్చాడు. రెండు రోజుల్లో మనిషి సగమైపోయాడు. భార్య బెంచీ మీద కాకుండా కిటికీ దగ్గర ఆయనకి వీపు పెట్టి నిలబడి ఉంది.

"సిస్టరమ్మా, ఒక్క మాట," అన్నాడు. "మా తమ్ముడున్నాడు. వాడు గట్టివాడు. బస్తా సిమెంటు ఒక్కడే మూడో అంతస్తుకి మోస్తాడు. వాడి కణాలు పనికొస్తాయేమో అడుగుతారా?"

"మోసే బలం కాదు అన్నయ్యగారూ, ఇది వేరు."

"తెలుసమ్మా. అయినా..." తన ముంజేయి తిప్పి చూసుకున్నాడు. గ్రీజు మరకలు చర్మంలో ఇంకిపోయి ఉన్నాయి. "చిన్నప్పుడు నాకు సరిగ్గా తిండి లేదు. దానివల్లేనేమో. పిల్లకి ఇవ్వాల్సిన నాటికి నా దగ్గర సరుకు లేకుండా పోయింది. ఆవిడ అంటోంది అని కాదు. ఆవిడ అనేదాంట్లో తప్పేముంది?"

నర్సు ఆ ముంజేతినే చూసింది. ఆ మనిషిలో కణాలొక్కటే బాగున్నాయి. మిగిలినదంతా తన మౌనమే పాడుచేస్తోంది. చేతిలో ఉన్న దూది పొట్లం కిటికీ గూట్లో పెట్టేసి నేరుగా పెద్ద డాక్టరుగారి గదిలోకి నడిచింది. తలుపు కొట్టడం కూడా మర్చిపోయింది.

ఆయన ఏదో రొట్టెముక్క నములుతున్నారు. ఆమె మొదలుపెట్టగానే నమలడం ఆపేశారు.

"స్టెరాయిడ్ ఆపమన్నానుగా?"

"ఆపాం సార్. కానీ ఇదీ అదేనని ఎవరికీ తట్టలేదు. ఇది చలి సూది సార్."

"ఎప్పటినుంచి?"

"కణాలు ఎక్కించిన రోజునుంచి. ఆ సంచీకి ముందు కూడా వేశాను. నేనే వేశాను."

ఆయన కేకలేస్తారని కాళ్ళు బిగపట్టుకుని నిలబడింది. ఆయన కేకలేయలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోకుండా బల్లమీద పెట్టారు. "ఈ వార్డు తెరిచినప్పుడు ఆ సూది అలవాటు చేసింది నేనేనమ్మా," అన్నారు. "రోగులు వణుకుతుంటే చూడలేక." తర్వాత ఫోను అందుకున్నారు. "ల్యాబ్‌కి చెప్పండి. లిఫ్టాయన దగ్గర మళ్ళీ తీద్దాం. ఇవాళే."

రక్తం వేరుచేసే యంత్రం కింది అంతస్తులో, కిటికీలేని గదిలో ఉంటుంది. ఒక చేతిలోంచి రక్తం లాగి, లోపల గిరగిరా తిప్పి, కావలసిన తెల్లకణాల్ని చిన్న సంచీలోకి వేరుచేసి, మిగతాది రెండో చేతిలోకి తిరిగి పంపుతుంది. నర్సు రెండు చేతులకీ సూదులు గుచ్చి, అంటుపట్టీలు వేసి, కుడి అరచేతిలో రబ్బరు బంతి పెట్టింది. యంత్రం మొదలయ్యాక స్టూలు జరుపుకుని ఆయన ఎదుట కూర్చుని చెప్పింది. దాచుకోకుండా, నసగకుండా చెప్పింది. సూది వేసింది తనే అని రెండుసార్లు చెప్పింది.

ఆయన బంతి నొక్కడం ఆపేశాడు. యంత్రం కీచుమంది.

"నొక్కుతూ ఉండండన్నయ్యగారూ."

ఆయన నొక్కాడు. తిడతాడని ఆమె చూస్తోంది. తిడితే బాగుండుననీ ఉంది.

"అయితే," అన్నాడు చివరికి, "నావి బాగానే ఉన్నాయా?"

"చాలా బాగున్నాయట. ల్యాబ్ ఆవిడ చెప్పింది. అంత చురుకైనవి తను చూళ్ళేదట."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెంపలమీదుగా నీళ్ళు కారి మాస్కులోకి ఇంకిపోయాయి. రెండు చేతులూ కట్టేసినట్టున్నాయి కనక తుడుచుకోలేకపోయాడు. ఆమె దూదితో తుడిచింది. కోపం రావాల్సిన మనిషికి సంతోషం వచ్చింది. ఆ సంతోషాన్ని చూడటం తిట్లు తినడం కంటే కష్టంగా ఉందామెకి.

తర్వాత ఆయన నోరు ఊరుకోలేదు. కాకిపిల్లకి ఆ వాగుడు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకప్పుడు అర్థమైంది. "అవి ఎలా గుర్తుపడతాయమ్మా? వైరస్ కణం లోపల దాక్కుంటుందంటారు. లోపలున్నది బయటికెలా తెలుస్తుంది?"

"దొంగ ఇంట్లో దూరాడనుకోండి. ఆ ఇల్లే వాడి చొక్కాముక్క ఒకటి చింపి గుమ్మానికి వేలాడదీస్తుంది. మీ టి కణం గుమ్మం గుమ్మం తడుముకుంటూ పోతుంది. ఎరిగిన గుడ్డ తగిలిందా, అక్కడే ఆగిపోతుంది."

"ఆగి?"

"ఆ ఇంటిని దొంగతో సహా కూల్చేస్తుంది."

"ఇంటినే?"

"ఇంటినే. లేకపోతే వాడు అక్కడ పిల్లల్ని పెట్టి వీధంతా పాకుతాడు. కూల్చాక అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. పని అయ్యాక చాలామటుకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం మిగిలి, గుర్తుపెట్టుకుని, ఏళ్ళతరబడి ఊరికే తిరుగుతుంటాయి. మీలో ఉన్నవి అవే."

"ఏ జలుబునాటివో," అన్నాడు మురిసిపోతూ. "ఆవిడకి చెప్పాలి. నా తుమ్ములు ఊరికే పోలేదని."

"పెదాలు జివ్వుమంటున్నాయా? ఈ యంత్రం తిరుగుతుంటే ఒంట్లో కాల్షియం తగ్గుతుంది."

"కొంచెం."

ఆమె ఆయన మాస్కు కిందికి లాగి కాల్షియం మాత్ర నోట్లో వేసింది. ఆయన చప్పరిస్తూ, తల పక్కకి వంచి యంత్రం చప్పుడు విన్నాడు. "దీనికి బేరింగు అరిగిందమ్మా. చెప్పండి మీవాళ్ళకి," అన్నాడు. ఆ యంత్రం వచ్చి నెల కూడా కాలేదు. ఆమె అలాగేనని తలూపింది.

గోడకున్న ఫోను మోగింది. పెద్ద సిస్టర్. వెనక పరుగులు వినిపిస్తున్నాయి.

"పాపకి ఊపిరితిత్తుల్లో రక్తం కారుతోంది," అంది పెద్ద సిస్టర్. "గొట్టం వేశారు. పెద్ద మోతాదు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. అది పోయకపోతే పాప సాయంత్రం దాకా ఉండదట. పోస్తే ఆ కణాలు ఎక్కించీ లాభం లేదట. పోసినా... డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. ల్యాబ్‌కి చెప్పేశాం. నువ్వు ఆపెయ్. వింటున్నావా?"

"వింటున్నాను."

"నిన్నే తీసుంటే..." అని పెద్ద సిస్టర్ ఆగిపోయి ఫోను పెట్టేసింది.

ఆ మాట మిగతాసగం నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు. నిన్న తీసుంటే ఈపాటికి అవి పిల్ల ఒంట్లో ఉండేవి. ఉన్నా నిలిచేవో లేదో, ఈ మందు వాటినీ తినేసేదేమో. కానీ ఉండేవి. ఫోను గోడకి తగిలించింది. తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఎవరమ్మా?"

"వార్డునుంచి. ఎంతవరకు వచ్చిందని."

సంచీ అడుగున లేత ఎరుపు కలిసిన తెలుపు రంగులో కణాలు పేరుకుంటున్నాయి. ల్యాబ్ ఆవిడ చెప్పింది నిజమే అయ్యుండాలి. అవి బతికే ఉన్నాయి, వెళ్ళాల్సిన గుమ్మం ఎరిగే ఉన్నాయి. నర్సు ఆపే మీట వైపు చెయ్యి చాపింది.

తలుపు తెరుచుకుంది. భార్య వచ్చింది. పైన గౌను విప్పేసిన తొందరలో చేతి తొడుగు ఒకటి అలాగే ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. డాక్టరుగారు ఆవిడకి చెప్పేశారని, మొత్తం చెప్పేశారని నర్సుకి చూడగానే తెలిసిపోయింది.

"ఏమే, విన్నావా?" లిఫ్టాయన తల ఎత్తలేక కళ్ళు మాత్రం తిప్పాడు. ముఖం వెలిగిపోతోంది. "నా రక్తం మంచిదేనట. మధ్యలో ఏదో మందు అడ్డొచ్చిందట. ల్యాబ్‌లో అంత మంచివి చూళ్ళేదట. అడుగు, సిస్టరమ్మనే అడుగు."

భార్య నర్సు ముఖంలోకి చూసింది. మీట మీదున్న చేతినీ చూసింది. ఆ చూపులో ఏముందో చదవాలంటే నర్సుకి ధైర్యం చాలలేదు. సూది వేసిన చెయ్యి అదేనని ఆవిడకి తెలుసు. అయినా ఆవిడ నెమ్మదిగా, వద్దన్నట్టు తల ఊపింది.

ఇంకో స్టూలు లాక్కుని భర్త పక్కన కూర్చుంది. చేతి తొడుగు తీసేసి, బంతి నొక్కుతున్న ఆయన పిడికిలి మీద చెయ్యి వేసింది.

"మంచిదేనండీ," అంది. "నేనే ఏదో వాగాను."

"నువ్వు వాగింది నేనెప్పుడు పట్టించుకున్నాను?" అని నవ్వాడాయన. "కాకిపిల్ల ఏం చేస్తోంది?"

"పడుకుంది."

"పడుకోనీ. లేచేసరికి ఇవి తయారవుతాయి."

ఆయన పిడికిలితోపాటు ఆవిడ చెయ్యీ బిగుసుకుని వదులవుతోంది. కాసేపటికి నర్సువైపు తిరగకుండానే, "ఇంకాస్సేపు ఉండనియ్యమ్మా," అంది.

"ఎంతసేపైనా సరే," అన్నాడు లిఫ్టాయన. "ఎంత కావాలంటే అంత తీసుకోమను."

నర్సు మీట మీదనుంచి చెయ్యి తీసి, ఆయన మోచేతి కింద జారిపోయిన దిండు సర్దింది.